షెడ్ ట్రైనింగ్‌కి మీ ల్యాబ్రడార్ కుక్కని పంపుతున్నారా? నా 1,900 డాలర్ల కథ ముందు వినండి

మిన్నెసోటాలో గానీ, ఆ చుట్టుపక్కల గానీ బాతుల వేటకి ల్యాబ్రడార్‌ని పెంచుతున్న మనవాళ్లు ఉంటే, కుక్కని షెడ్ ట్రైనింగ్‌కి, అంటే ఊడిపడ్డ జింక కొమ్ములు వెతికి తెచ్చే శిక్షణకి, ఇచ్చేముందు ఇది ఒకసారి చదవండి. నా డబ్బు ఎలాగూ పోయింది. మీదైనా మిగలాలి.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇక్కడి వైట్‌టెయిల్ మగ జింకలకి ఏటా చలికాలంలో, ఎక్కువగా జనవరి నుంచి మార్చి లోపు, కొమ్ములు ఊడిపోతాయి. అలా ఊడిపడ్డ కొమ్మునే షెడ్ అంటారు. వాటిని ఏరడం ఇక్కడ చాలామందికి పిచ్చి. చెరువులు గడ్డకట్టాక బాతుల కుక్కకి పని ఉండదు కాబట్టి, దానికే ఈ విద్య కూడా నేర్పిస్తారు. (మా బావమరిది ఇది విని, ఈసారి ఇండియా వచ్చినప్పుడు నల్లమలలో దుప్పి కొమ్ములు ఏరదాం అన్నాడు. ఆ పని మాత్రం చేయకండి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, ఊడిపడ్డ కొమ్ము ఇంట్లో పెట్టుకున్నా కేసే.)

మా లడ్డూకి మూడేళ్లు. బాతుల పనిలో దానికి వంక పెట్టలేం. అందుకే ఈ జనవరిలో, బాతుల కుక్కల్ని తయారుచేయడంలో మంచి పేరున్న ఒక ట్రైనర్ దగ్గర వదిలాను. ఎనిమిది వారాలు, 1,900 డాలర్లు, సగం ముందు. పేరు ఇక్కడ రాయను.

మార్చి మొదట్లో డెమోకి పిలిచాడు. నేలంతా మంచు. ఆరు కొమ్ములు దాచానన్నాడు. లడ్డూ పావుగంటలో ఆరూ తెచ్చి చేతికిచ్చింది. నేను మురిసిపోయి, వీడియో తీసి మా ఆవిడకి పంపి, మిగతా సగానికి చెక్కు రాసిచ్చేశాను.

వారం తర్వాత, తెలిసినవాళ్ల పొలంలో నేనే పరీక్ష పెట్టాను. రబ్బరు గ్లవ్స్ వేసుకుని, మూడు కొమ్ముల్ని కంచె ఇవతల నుంచే గడ్డిలోకి విసిరి, రాత్రంతా వదిలేశాను. పొద్దున లడ్డూ ఒక కొమ్ముకి అడుగు దూరంలోంచి, అదీ గాలి ఎదురుగా వస్తుండగా, పట్టించుకోకుండా వెళ్లిపోయింది. పది అడుగులకోసారి ఆగి వెనక్కి తిరిగి నా మొహం చూస్తోంది. అరగంట తర్వాత ఏదో నోట కరుచుకుని పరిగెత్తుకొచ్చింది. ఎదురుగా కూర్చుని తోక ఊపుతూ ఎంతో పద్ధతిగా నా చేతిలో పెట్టింది. చూస్తే ముందురోజు కంచె దగ్గర నేను పడేసుకున్న ఉన్ని గ్లవ్.

ఆ రాత్రి డెమో వీడియో మళ్లీ చూశాను. కొట్టం నుంచి మొదటి పొదకి, అక్కడి నుంచి రెండో పొదకి, మంచులో బూటు అడుగులు వరసగా కనిపిస్తున్నాయి. లడ్డూ ముక్కు ఆ అడుగుల మీదే ఉంది, ఒక్కసారి కూడా గాలిలోకి లేవలేదు. అంటే ఎనిమిది వారాలూ అది నేర్చుకున్నది ట్రైనర్ ఎక్కడికి నడిచాడో పసిగట్టడం. అతని చేతి వాసన అంటిన ఆ ఆరు కొమ్ములు తప్ప దానికి వేరే కొమ్ము తెలీదు. అసలు షెడ్ వారాల తరబడి ఆకుల్లో పడి ఉంటుంది, దాన్ని ఏ మనిషీ ముట్టుకుని ఉండడు.

అతను చెడ్డ ట్రైనర్ అనను. బాతుల పని వేరు, ఇది వేరు, ఆ తేడా అతనికి పట్టలేదు. బాతుల కుక్క కూర్చుని ఆకాశం చూస్తుంది. తుపాకీ మోగుతుంది, పక్షి పడుతుంది, పడ్డచోటు గుర్తుపెట్టుకుని వెళ్తుంది. చూడకపోతే మనం విజిల్ ఊది, చేత్తో దారి చూపిస్తాం. కొమ్ముల దగ్గర చప్పుడూ లేదు, పడేదీ లేదు, ఎక్కడుందో మనకే తెలీదు. కుక్క మనల్ని మర్చిపోయి ముక్కుతో సొంతంగా తిరగాలి. ఇతను ఇక్కడ కూడా విజిల్ ఊదుతూ నడిపించాడు.

దీనికన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకోటి ఉంది. కొమ్ము చేత్తో అందిస్తే లడ్డూ మొహం పక్కకి తిప్పుకుంటోంది. పెదవి ఎత్తి చూస్తే అంగిట్లో సగం మానిన గాయం. ఏదో మొనదేలింది గుచ్చుకుందని వెట్ చెప్పింది. 340 డాలర్ల బిల్లు. మామూలుగా మెత్తటి రబ్బరు కొమ్ముతో మొదలుపెట్టి, మొనల దగ్గర కాకుండా లావుపాటి కాడ దగ్గర పట్టుకోవడం అలవాటయ్యాకే అసలుది ఇస్తారు. ఇతను మొదటి వారమే నాలుగు మొనల కొమ్ము ఇచ్చాడట. ఆ మాట ఫోన్లో తనే, గొప్పగా చెప్పాడు. గాయం సంగతి అడిగితే, "మా దగ్గర బాగానే చేసింది, మీకే హ్యాండిల్ చేయడం రావట్లేదు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

మీరెవరైనా ఇస్తున్నారంటే డెమోకి మీ కొమ్ములే తీసుకెళ్లండి. ముందురోజే గ్లవ్స్ వేసుకుని మీరే విసిరి రండి, ట్రైనర్‌కి చోటు చెప్పకండి. దానికి ఒప్పుకోకపోతే చెక్కు జేబులోంచి తీయొద్దు. మధ్యలో ఒకట్రెండుసార్లు వెళ్లి కుక్క నోరు తెరిచి చూడండి. ఎదురుగా జింక లేస్తే కుక్క ఏం చేస్తుందో కూడా అడగండి. చలికాలం చివర్లో జింకలు తిండిలేక నీరసంగా ఉంటాయి, కుక్క తరిమితే వాటి ప్రాణానికే ముప్పు, మీకూ చట్టపరంగా చిక్కే. నేను అడిగితే "చూద్దాం లెండి" అన్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

ఇప్పుడు ఇంట్లోనే మళ్లీ మొదటినుంచి, రబ్బరు కొమ్ముతో హాల్లో ఆడిస్తున్నాను. నిన్న దాన్ని తన పరుపు మీదికి లాక్కెళ్లి పక్కన పెట్టుకుని పడుకుంది. సెప్టెంబర్ ఆఖర్లో బాతుల సీజన్ మొదలయ్యేసరికి నోటి భయం పోతే చాలు, కొమ్ముల సంగతి వచ్చే ఏడాది చూసుకుంటాను.

కన్సిలియేషన్ కోర్టులో (చిన్న మొత్తాల డబ్బు తగాదాలు తేల్చే కోర్టు) ఇలాంటి కేసు వేసినవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. నా దగ్గరున్న కాగితం మీద "షెడ్ ట్రైనింగ్, 8 వారాలు" అని తప్ప ఇంకేమీ రాసి లేదు. టెన్షన్ అంతా దాని గురించే.