జీడితోటలో ఆరేళ్లు వాడిన గడ్డి కోత మిషన్: దాని ఇంజిన్ గురించి నా మాట

పలాస దగ్గర మాకు కాస్త జీడితోట ఉంది. మార్చి నుంచి పిక్కలు రాలతాయి. అప్పటికి చెట్ల కింద గడ్డి, తుప్పలు లేకుండా చేసుకోకపోతే రాలిన పిక్క కంటికి కనపడదు. 2018లో తిత్లీ తుఫానుకి పడిపోయిన చెట్ల చోట కొత్త మొక్కలు వేశాక ఎండ నేరుగా నేల మీద పడి గడ్డి మరీ పెరిగింది. 2019లో హోండా జీఎక్స్ 35 ఇంజిన్ ఉన్న బ్రష్ కట్టర్ కొన్నాను. 35.8 సీసీ, నాలుగు స్ట్రోకులది. పెట్రోల్లో ఆయిల్ కలిపే పని లేదు.

మూడో ఏడు ఫిబ్రవరిలో ఇబ్బంది పెట్టింది. అరగంట కోసేసరికి బలం తగ్గిపోయేది, వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ అయ్యేది కాదు. మెకానిక్ కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) మార్చాలన్నాడు. మా చిన్నాన్న ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, "దీనికి ఊపిరాడట్లేదురా బాబూ" అన్నారు. ఇంటికొచ్చి పైమూత విప్పాను. సిలిండర్ చుట్టూ ఉండే సన్నని రెక్కల మధ్య గడ్డిపొడి, దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసి పిడకలా గట్టిపడి ఉంది. ఈ ఇంజిన్‌కి రేడియేటర్ లేదు. ఫ్లైవీల్, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం, విసిరే గాలి ఆ సందుల్లోంచి పోతేనే చల్లబడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కొబ్బరి ఈనెతో సందులు గోకి, పెయింట్ బ్రష్‌తో దులిపాను. కార్బురేటర్ ముట్టుకోలేదు. మర్నాడు పూటంతా ఆగకుండా కోసింది.

ఇక ఆయిల్. ఇందులో పట్టేది 100 మిల్లీలీటర్లే, అంటే చిన్న టీ గ్లాసుడు. అంత కొంచెం ఆయిల్ త్వరగా పాడవుతుంది. కొత్తలో 10 గంటలకి, తర్వాత ప్రతి 50 గంటలకి లేదా ఆరు నెలలకి మార్చమంటారు. మా ఇసక నేల దుమ్ముకి నేను 25 గంటలకే మార్చేస్తాను. 10డబ్ల్యూ-30 రకం ఆయిల్ లీటరు డబ్బా పది సార్లకి వస్తుంది, అక్కడ పిసినారితనం వద్దు. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు వంచితే మడ్డి కూడా దిగుతుంది. పోసేటప్పుడు మాత్రం మిషన్ సమంగా పెట్టండి. ఎక్కువైతే పొగ వస్తుంది, ఎయిర్ ఫిల్టర్ తడిసిపోతుంది.

ఫిల్టర్ స్పాంజిని సబ్బునీళ్లలో ఉతికి, నీడన ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్లో ముంచి గట్టిగా పిండుతాను. స్పార్క్ ప్లగ్ ఏడాదికోటి మారుస్తాను.

పెట్రోల్ విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీల్చుకుంటుంది. మాది సముద్రపు గాలి. అందుకే నెల రోజులు పక్కన పెట్టాలంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి ఆపుతాను.

చేతులకి అదురు ఎక్కువే, గంట కోస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ ఒక్కటీ తప్ప నాకు ఫిర్యాదు లేదు. మొన్న వానల తర్వాత బయటికి తీస్తే మూడో లాగుకే అందుకుంది.