చిలకలగుట్ట కథ దొరికింది, పాండవుల గుట్టల బొమ్మలు చీకట్లో కలిశాయి

హనుమకొండలో పొద్దున బయలుదేరి మేడారం చూపించి, తిరుగు దారిలో భూపాలపల్లి మీదుగా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు తీసుకెళ్ళి, రాత్రికి ఇల్లు చేర్చే ఒకరోజు వ్యాను యాత్రకు మొన్నటి డిసెంబరులో మా ఇంట్లో నలుగురం వెళ్ళివచ్చాము. మనిషికి 1,400 రూపాయలు తీసుకున్నారు. అందులో మధ్యాహ్న భోజనంతోపాటు దారి పొడవునా స్థలాల కథలు చెప్పే ఒక యువకుడు కూడా ఉన్నాడు. ఆ సొమ్ము అతని మాటలకే అనుకుంటే గిట్టినట్టే.

పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి ప్రవేశించగానే అతను మేడారం అమ్మవారు సమ్మక్క కథ ఎత్తుకున్నాడు. పులుల నడుమ ఆడుకుంటూ దొరికిన పసిపాప పెరిగి పగిడిద్దరాజు ఇల్లాలు కావడం, కరువులో కప్పం కట్టలేదని కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సేనను పంపడం, ఓటమి భరించలేక ఆమె కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకితే ఆ వాగుకు అతని పేరే నిలిచిపోవడం మా వైపు పిల్లలకు కూడా తెలిసిన సంగతులే. అయితే ఆ పాపను పెంచింది పొలవాస దొర మేడరాజు అనే కథనాన్నీ, సమ్మక్క పుట్టినిల్లు బయ్యక్కపేట అనే కథనాన్నీ కలగాపులగం చేయకుండా, ఏది ఎవరు చెప్పుకొనేదో విడదీసి చెప్పడం నాకు బాగా నచ్చింది. చాలామంది గైడ్లకు ఈ ఓపిక ఉండదు.

అమ్మవార్లు కొలువుదీరే గద్దెల దగ్గర బెల్లం మొక్కు తీర్చుకున్న తరువాత మాతో వచ్చిన ఒక పెద్దావిడ చిలకలగుట్ట ఎక్కి తీరాలని పట్టుబట్టింది. "అవ్వా, ఆ గుట్ట మీదికి వడ్డెలే, అంటే అమ్మవారి పూజారులే పోతరు. మనం ఈడికెళ్లే మొక్కుదాం" అని అతను చెప్పులు విడిచి, గుట్ట వైపు తిరిగి ముందుగా తానే దండం పెట్టాడు. ఆమె ఇక మారు మాట్లాడలేదు. గాయపడిన సమ్మక్క ఆ గుట్ట వైపే నడిచి కనుమరుగైందనీ, వెతుక్కుంటూ వెళ్ళినవారికి నెమలినార చెట్టు కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణె మాత్రమే దొరికిందనీ, అందుకే రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే జాతరలో అమ్మవారు విగ్రహంగా కాక ఆ గుర్తుగానే గద్దెకు వస్తుందనీ అక్కడే నిలబడి చెప్పాడు. తల్లిని గుట్ట దించేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలికే ఆనవాయితీని వివరిస్తున్నప్పుడు వ్యానులోని పిల్లలు సైతం అల్లరి మాని విన్నారు.

భోజనం గురించి చెప్పుకోవలసింది రుచి కాదు, ఆలస్యం. ముందుగా ఫోను చేసి చెప్పి ఉంచనందువల్ల హోటల్లో వంట మొదలైనదే మేము వెళ్ళాక. రెండు గంటలు అక్కడే గడిచిపోయాయి. పాండవుల గుట్టలు చేరేసరికి పావు తక్కువ ఆరు. 1990లో పురావస్తు శాఖ గుర్తించిన ఆదిమానవుల రాతి చిత్రాలు ఇక్కడ ఉన్నాయి; అడవిదున్న, జింక, పులి వంటి బొమ్మలను చూడాలంటే పగటి వెలుగు కావాలి. అతను సెల్‌ఫోను వెలుగు ఆనించగా ఒక బండ మీద ఎర్రని గీతలేవో మసకగా కనిపించాయి, అంతే. వనవాసంలో పాండవులు తలదాచుకున్నారనే నమ్మకం వల్ల ఒక బండకు ఎదురు పాండవులనీ, కుంతిని మన పల్లెల్లో గొంతెమ్మ అంటారు కనుక మరొక చోటికి గొంతెమ్మ గుట్ట అనీ పేర్లు వచ్చాయని చెప్పబోతుండగానే డ్రైవరు హారన్ మోగించాడు.

డబ్బులో కొంత వెనక్కి ఇవ్వమని మరునాడు అడిగితే, వచ్చేసారి తగ్గించి తీసుకుంటామన్నారు. పొద్దున ముందుగా పాండవుల గుట్టలు చూపించి, ఆ తరువాతే మేడారం తీసుకెళ్తామని, కథకుడు ఈ అబ్బాయే వస్తాడని కాగితం మీద రాసిస్తే వస్తానని చెప్పాను. ఇంకా జవాబు రాలేదు.