కార్బన్ ఫైబర్‌కి లిగ్నినా, ప్యానా?

కార్బన్ ఫైబర్ (తేలికైన, గట్టి కార్బన్ దారం) మీద ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లందరికీ వచ్చే డౌటే ఇది. ప్రస్తుతం మార్కెట్లో 90 శాతానికి పైగా ఫైబర్ పాలీఅక్రిలోనైట్రైల్ నుంచే, అంటే ప్యాన్ అనే సింథటిక్ పాలిమర్ నుంచే వస్తోంది. లిగ్నిన్ అంటే చెట్ల కలపలో నారల్ని పట్టి ఉంచే సహజ పదార్థం, దాన్నీ ముడిసరుకుగా వాడొచ్చు.

ఖర్చు: ప్యాన్ పెట్రోలియం సరుకు, ఫైబర్ ఖర్చులో దాదాపు సగం దానికే పోతుంది.
లిగ్నిన్ కాగితం మిల్లుల బ్లాక్ లిక్కర్‌లో (కలప గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రవంలో) ఉంటుంది, మామూలుగా దాన్ని బాయిలర్లో కాల్చి ఆవిరి తీసుకుంటారు. చవకే గానీ అందులోని బూడిద (కాలకుండా మిగిలే ఖనిజ మలినాలు) 0.1 శాతం కిందికి దింపాలి, ఆ శుద్ధికే డబ్బులవుతాయి.

శ్రమ, రిస్కు: ప్యాన్‌ని ద్రావకంలో కలిపి దారం తీయాలి, వేడి చేస్తే హైడ్రోజన్ సైనైడ్ అనే విషవాయువు వస్తుంది.
లిగ్నిన్‌కి ద్రావకం అక్కర్లేదు, వేడికి కరిగించి నేరుగా దారం తీయొచ్చు. అసలు టెన్షన్ ఆ తర్వాతే. గాలిలో 250 డిగ్రీల దాకా, చాలాసార్లు నిమిషానికి ఒక డిగ్రీ కన్నా నెమ్మదిగా వేడెక్కించాలి, తొందరపడ్డారా, దారాలన్నీ అతుక్కుని ముద్దయిపోతాయి. పైగా ఆ పచ్చి దారం చేత్తో పట్టుకుంటేనే పుటుక్కున తెగుతుంది. యూకలిప్టస్ లాంటి చెట్ల లిగ్నిన్ సులువుగా దారమవుతుంది, కానీ స్థిరపడటానికి, అంటే వేడికి ఇక కరగకుండా మారడానికి, గంటలు పడుతుంది. పైన్‌ది సరిగ్గా దీనికి తలకిందులు.

బలం: టోరే కంపెనీ టీ700 రకం ఫైబర్ (ప్యాన్‌తో చేసింది) లాగుడు బలం 4.9 గిగాపాస్కల్స్.
లిగ్నిన్ ఫైబర్ ఎక్కువగా 1 గిగాపాస్కల్ దగ్గరే ఆగిపోతుంది, అణువులు కొమ్మలుగా చీలి ఉండి వరుసలో సర్దుకోవు మరి.

విమానం రెక్కకో గ్యాస్ సిలిండర్‌కో అయితే ప్యానే, ఇంకో ఆలోచన వద్దు. ఫర్నేస్ ఇన్సులేషన్, ఫిల్టర్లు, బ్యాటరీ ఎలక్ట్రోడ్లు అయితే లిగ్నిన్ బేషుగ్గా సరిపోతుంది. కార్ల భాగాలకి మాత్రం రెండూ కలిపి చూడండి.