"ఫిట్టింగ్ ఫ్రీ" అలాయ్స్ షాపుతో జాగ్రత్త, పాత బండి ఉన్నోళ్ళు తప్పకుండా చదవండి

కోపంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను, సెకండ్ హ్యాండ్ అలాయ్స్ (అదే, స్టీల్ రిమ్ముల బదులు వేసే అల్యూమినియం రిమ్ములు) కోసం తిరిగినోళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. నాది పాత కారు, స్టడ్లు నట్లు ఉండవు, బోల్ట్‌లు నేరుగా హబ్‌లోకి (చక్రం తగిలించే మధ్య భాగం) బిగించే రకం. స్టీల్ రిమ్ములు తీసి అలాయ్స్ వేయించా, బోల్ట్‌లు బిగించే ఇంపాక్ట్ గన్‌తో టర్ టర్ మని కొట్టి పంపించేశాడు. టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచి చూపించే పానా) ఒకసారి చూడవా తమ్ముడూ అంటే "మా చెయ్యే టార్క్ రెంచ్ సార్" అన్నాడు. పెద్ద జోకేసినట్టు నేను కూడా నవ్వా చూడండి.

తర్వాత హైవే మీద ముందు ఎడమ చక్రం దగ్గర టక టకమని సౌండు, స్టీరింగ్ వణుకు. బ్యాలెన్సింగ్ పోయిందేమో అనుకున్నా కానీ స్పీడు తగ్గించినా సౌండు ఆగట్లేదు. పక్కకి ఆపి దిగి చూస్తే ఒక బోల్ట్ అసలు లేదు, దాని పక్కది వేళ్ళతో తిప్పితే తిరిగింది. వేళ్ళతో అండీ, పానాతో పని లేకుండా! ఇంట్లోవాళ్ళు బండిలోనే ఉన్నారు.

టోయింగ్ బండి మీద షాపుకి తీసుకెళ్తే కనీసం అయ్యో అన్నా అంటారనుకున్నా. ఓనరు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "మీ హబ్ అరిగిపోయింది సార్, పాత బండికి అలాయ్స్ ఎవరు వేయించుకోమన్నారు" అన్నాడు. అమ్మేటప్పుడు మాత్రం "ఈ బండికి సూపర్ సెట్ అవుతాయి సార్" అన్నది ఇదే నోరు. గట్టిగా అడిగితే బిల్లు నా ముందుకి తోసి, ఫిట్టింగ్ ఫ్రీ అని ఉన్న చోట వేలు పెట్టి, "దీనికి మేం డబ్బులు తీసుకోలేదు కదా, ఇంక గ్యారంటీ ఏంటి" అన్నాడు. అంటే డబ్బులిస్తేనే చక్రం ఊడకుండా బిగిస్తారన్నమాట, సంతోషం.

వేరే మెకానిక్ దగ్గర విప్పించా. హబ్ శుభ్రంగా ఉంది. వాళ్ళు వేసినవి స్టీల్ రిమ్ముల పాత బోల్ట్‌లే! అలాయ్ మందం ఎక్కువ కదా, బోల్ట్ హబ్‌లోకి దిగింది నాలుగు చుట్లే. 12 ఎంఎం బోల్ట్, 1.5 పిచ్ (అంటే ఒక చుట్టుకి 1.5 ఎంఎం లోపలికి దిగేది) అయితే కనీసం ఆరున్నర ఏడు చుట్లు పట్టాలట. పైగా నా బోల్ట్ తల కింద గుండ్రంగా బంతిలా ఉంది, అలాయ్ రంధ్రమేమో గరాటులా ఏటవాలుగా ఉంది. రెండూ ఒక సన్నటి గీత మీదే ఆనుకున్నాయి, ఆ గీత ఒక్కటే మెరుస్తోంది, మిగతా అంతా పెయింట్ అలాగే ఉంది. ఇంక గన్‌తో ఎంత కొడితే మాత్రం ఏం లాభం.

సరే, వేయించుకునేవాళ్ళు ఇవి చూసుకోండి. బోల్ట్ పొడుగు, తల షేపు అలాయ్‌కి సరిపోవాలి. హబ్ మీద తుప్పు బ్రష్‌తో గీకించండి. బోల్ట్‌లు ముందు చేత్తోనే ఎక్కించి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివర్లో బండి కిందకి దించాక టార్క్ రెంచ్ వాడాలి. చాలా కార్లకి ఈ బిగింపు 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్లో చూసుకోండి. 50-100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చెక్ చేయించండి. అలాగని మరీ పొడుగు బోల్ట్‌లు వేస్తే వెనక బ్రేక్ డ్రమ్ముల్లో లోపల తగులుతాయి, జాకీ మీద ఉన్నప్పుడే చక్రం చేత్తో తిప్పి చూడండి. ఆ పాత బోల్ట్‌లు కూడా పారెయ్యకండి, స్టెప్నీ స్టీల్ రిమ్మే అయితే దానికి అవే కావాలి, ఒక కవర్లో కట్టి డిక్కీలో పడెయ్యండి.