నార్మండీ ఓడ పోస్టర్ రీప్రింట్, ఇందిరానగర్ వైపు షాపు: ప్రింట్ బాగుంది, కింద మాత్రం కోయనివ్వకండి

పాత ఫ్రెంచ్ యాడ్ పోస్టర్లకి రీప్రింట్లు వేసి ఫ్రేమ్ కట్టించి ఇచ్చే షాపు ఇది. పేరు రాయట్లేదు, ఎందుకంటే నా కంప్లైంట్ ఈ ఒక్క షాపు మీదే కాదు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు కూడా చాలామంది ఇదే పని చేస్తున్నారు. నేను తీసుకున్నది ఫ్రెంచ్ పోస్టర్ ఆర్టిస్ట్ కసాండ్ర్ వేసిన నార్మండీ, ఫ్రాన్స్ నుంచి న్యూయార్క్ వెళ్ళే ప్రయాణికుల ఓడకి యాడ్, 1935 నాటిది. ఒరిజినల్ అంటే లక్షల్లో మాట కాబట్టి రీప్రింటే గతి, కానీ రీప్రింట్ అయినా సరిగ్గా వేస్తే ఆ బొమ్మ ఏం చెప్తోందో పూర్తిగా అందుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు బొమ్మ సంగతి. అందులో ఉన్నది ఓడ ముందు భాగం, అంతే. దాని అంచు కాగితానికి సరిగ్గా మధ్యలో నిలువుగా ఉంటుంది, అక్కణ్ణించి నల్లటి ఒళ్ళు రెండు పక్కలా వెడల్పవుతూ పైకి పోతుంది. చూసేవాళ్ళ కన్ను నీళ్ళ మట్టం దగ్గర ఉంటుంది, అదే అసలు కిటుకు, గాలిగోపురం కింద నిలబడి తలెత్తి చూసినట్టు ఉంటుంది మనకి. నిజం ఓడకి మూడు పొగగొట్టాలు, బొమ్మలో ఎదురుగా ఉన్న ఒక్కటే కనిపిస్తుంది, ఎర్రగా. అంచు మీద బుల్లి ఫ్రెంచ్ జెండా. నీళ్ళ దగ్గర తెల్లటి చిన్న చిన్న పక్షులు, మొదటిసారి చూసినప్పుడు వాటి మీదకి దృష్టి కూడా పోదు, కానీ ఒకసారి కనబడ్డాక ఓడ ఒక్కసారిగా రెండింతలు పెద్దదైపోతుంది! కసాండ్ర్ ఎక్కడా "ఇది 300 మీటర్ల పైచిలుకు పొడవు" అని రాయలేదు, ఆ పని పక్షుల చేత చేయించాడు.

ఇంకో విషయం, ఏం చూపించలేదో కూడా గమనించండి. ఆ ఓడ లోపల డైనింగ్ హాలు, అలంకరణ అన్నీ అప్పట్లో పెద్ద పేరు, మామూలుగా అయితే యాడ్‌లో నగలేసుకున్న ఆడవాళ్ళని, వైన్ గ్లాసుల్ని పెడతారు. ఇక్కడ ఒక్క మనిషి లేడు, అలలు కూడా లేనట్టే. 1930ల్లో ప్రపంచమంతా డబ్బుకి కటకటలాడుతుంటే ఫ్రాన్స్ ప్రభుత్వం అప్పిచ్చి మరీ కట్టించిన ఓడ అది, కాబట్టి బొమ్మ చెప్పేది సుఖం గురించి కాదు, నిలకడ గురించి, ఇది కదలదు, ఒరగదు, నమ్మండి అని. (1942లో న్యూయార్క్ రేవులో తగలబడి పక్కకి ఒరిగిపోయింది, అది తెలిశాక ఈ బొమ్మ చూస్తే మనసు ఎలాగో అయిపోతుంది.)

ఇప్పుడు అక్షరాల దగ్గరికి వద్దాం, నా గొడవంతా ఇక్కడే. ఓడ కింద నార్మండీ అని పెద్ద అక్షరాలు, కంపెనీ పేరు, ఆ తర్వాత ల హావ్ర్, సౌతాంప్టన్, న్యూయార్క్ అని ఊళ్ళ పేర్లు. ఇవి బొమ్మ వేశాక అతికించిన మాటలు కావు, ఆ ఓడ బరువంతా ఆ అక్షరాల మీదే ఆగుతుంది. ఒరిజినల్ దాదాపు 100 సెంటీమీటర్ల ఎత్తు, 62 వెడల్పు. షాపుల్లో దొరికే రెడీమేడ్ ఫ్రేమ్ 24 బై 36 అంగుళాలు, ఆ లెక్క దీనికి సరిపోదు, వెడల్పు నిండేలా పెడితే ఎత్తులో రెండున్నర అంగుళాల పైనే ఎగిరిపోతుంది. షాపులో శాంపిల్ అలాగే ఉంది, ఊళ్ళ పేర్ల లైన్ లేదు, పై అక్షరాలు ఫ్రేమ్‌కి అంటుకుపోయి ఉన్నాయి.

ఫ్రేమ్ కట్టే అబ్బాయిది హిందూపురం, తెలుగులోనే మాట్లాడాడు. "అన్నా, కింద కొంచెం పోతాదంతే, ఓడ మొత్తం వస్తాది కదా" అన్నాడు. ఓడ వస్తుంది తమ్ముడూ, కానీ అది ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుస్తుంది, అప్పుడది యాడ్ ఎలా అవుతుంది అన్నాను. అతను శాంపిల్ వైపు కాసేపు చూసి, నిజమే అని, పక్కల తెల్ల బోర్డర్ వదిలి మొత్తం బొమ్మ పట్టేలా మళ్ళీ వేయించాడు, ఎక్స్‌ట్రా డబ్బులు అడగలేదు. చాలా మంచి కుర్రాడు.

ప్రింట్ క్వాలిటీ బాగుంది. ఆకాశంలో నీలం మెల్లగా పలచబడే చోట చూడాలి, ఒరిజినల్ లిథోగ్రాఫ్‌లో (అప్పటి అచ్చు పద్ధతి) సన్నటి చుక్కల తుంపరతో రంగు కరిగిపోతూ ఉంటుంది, చిన్న ఫైల్ నుంచి తీసిన ప్రింట్లలో అక్కడ చారలు పడతాయి. దీంట్లో చారలు లేవు. పక్షులు మాత్రం కొంచెం మెత్తబడ్డాయి, రెక్కలు తెలుస్తున్నాయి కానీ అంచులు పదునుగా లేవు, దానికే ఒక స్టార్ తగ్గించాను. పేపర్ మ్యాట్‌ది తీసుకోండి, గ్లాసీ వేస్తే ఆ నలుపు మీద ట్యూబ్‌లైట్ కనబడుతుంది.

కపియెల్లో అనే ఇంకో పాత ఆర్టిస్ట్ వేసిన ఎర్ర గుర్రం పోస్టర్ కూడా ఉంది వాళ్ళ దగ్గర, 1903 నాటి క్లౌస్ (Klaus) కంపెనీ చాక్లెట్ యాడ్, నల్లటి బ్యాక్‌గ్రౌండ్, గుర్రం మీద ఆకుపచ్చ బట్టల్లో ఆవిడ, రంగులు అదిరిపోయాయి. కానీ దానికీ అదే 24 బై 36 ఫ్రేమ్ పట్టుకొచ్చారు. ఏ పోస్టరైనా ఆర్డర్ ఇచ్చే ముందు ఒరిజినల్ కొలతలు చూసుకుని వెళ్ళండి, "ఫుల్ ఇమేజ్, క్రాప్ వద్దు" అని బిల్లు మీద రాయించుకోండి. ఐదుకి నాలుగు.