జాగ్రత్త: రేణిగుంట సీనరీ కొనేముందు రన్‌వే అంచులు చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు ఫ్లైట్ సిమ్యులేటర్ నడిపే మిత్రులందరికీ ఈ హెచ్చరిక. రేణిగుంట విమానాశ్రయం సీనరీ (ఆ చోటును సిమ్యులేటర్‌లో చూపించే మోడల్) అంటూ 1,400 రూపాయలకు ఒక ప్యాక్ అమ్ముతున్నారు. మనవాళ్లలో ఇప్పటికే నలుగురైదుగురు కొన్నారు. గరుడ టెర్మినల్ మోడల్ బాగుంది. విమానాలు నిలిపే ఏప్రన్ మీద గీతలు, రాత్రి దీపాలు కూడా బాగున్నాయి. నేల మాత్రం ఘోరంగా ఉంది. విమానాశ్రయం మొత్తం ఒకే ఎత్తులో బల్లపరుపుగా ఉండి, సరిహద్దు దగ్గర చెరువు కట్టను నిలువునా కోసినట్టు 12 మీటర్లు పడిపోతోంది. ప్రహరీ గోడ సగం గాల్లో వేలాడుతోంది. బయటి రోడ్డు ఆ గట్టును గోడ ఎక్కినట్టు ఎక్కుతోంది.

అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ లోపం ఒక్కరి సరుకులోనే ఉండేది కాదు. చిన్న విమానాశ్రయాల సీనరీల్లో తరచుగా కనిపించేదే. కొనేముందు ఏం అడగాలో, కొన్న మొదటి గంటలో ఏం కొలవాలో తెలిస్తే డబ్బు నిలుస్తుంది.

ముందుగా ప్రకటన ఫోటోల సంగతి. ఈ ప్యాక్‌కు పెట్టిన ఫోటోలన్నీ పైనుంచి తీసినవే, లేదంటే టెర్మినల్ ముందు నిలబడి తీసినవి. పైనుంచి చూస్తే ఏ వాలూ తెలియదు. 12 మీటర్ల గట్టు కూడా పచ్చని గీతలా కనిపిస్తుంది, అంతే. అమ్మేవారిని మూడు ఫోటోలు అడగండి: రన్‌వే 08 నంబర్ చివర నుంచి నేలకు ఆనించిన కెమెరాతో ఒకటి, 26 నంబర్ చివర నుంచి అలాగే ఒకటి, ప్రహరీ బయట నిలబడి రన్‌వే వైపు చూస్తూ ఒకటి. మూడూ ఉదయం ఏడు గంటల వెలుగులో ఉండాలి. ఏటవాలు ఎండలో గట్టు నీడ దాగదు. ఈ మూడు ఫోటోలు ఇవ్వడానికి వెనకాడితే ఆ ప్యాక్ కొనకండి.

చూడటానికి బాగోకపోవడం ఒక్కటే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఈ గట్టు వల్ల ల్యాండింగే చెడుతుంది. 3 డిగ్రీల వాలులో దిగుతూ త్రెషోల్డ్ (రన్‌వే మొదలయ్యే గీత) మీద 50 అడుగుల్లో ఉండాలనుకుంటే, దానికి 300 మీటర్ల ముందు విమానం సుమారు 100 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడ నేల 12 మీటర్లు కింద ఉంటే కింది నేల నుంచి ఎత్తు కొలిచే రేడియో అల్టిమీటర్ 140 చూపిస్తుంది. గట్టు దాటగానే ఆ అంకె ఒక్కసారిగా 40 అడుగులు పడిపోతుంది. ఎయిర్‌బస్‌లో వినిపించే ఎత్తు పిలుపులు కొన్ని ఎగిరిపోతాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి పడతాయి. విమానం తనంతట తాను దిగే ఆటోల్యాండ్‌లో ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తడం) లెక్కంతా రేడియో ఎత్తు మీదే నడుస్తుంది కాబట్టి అదీ తడబడుతుంది. తప్పు తమ చేతిలో ఉందనుకుని వారాల తరబడి ల్యాండింగ్ సాధన చేసినవాళ్లున్నారు. తప్పు నేలలో ఉంది.

ఇది ఎలా జరుగుతుందంటే, చార్టులో విమానాశ్రయం ఎత్తు 350 అడుగులు, అంటే 107 మీటర్లు అని ఉంటుంది. తయారుచేసేవారు సరిహద్దు చుట్టూ ఒక పాలిగాన్ (బహుభుజి) గీసి, 107 అని కొట్టి, ఫ్లాటెన్ (చదును) ఆన్ చేస్తారు. ఫాల్‌ఆఫ్ అనే గడిలో ఏముందో అలాగే వదిలేస్తారు. చదును చేసిన నేల చుట్టుపక్కల సహజ నేలతో ఎంత దూరంలో కలవాలో చెప్పేది ఆ ఫాల్‌ఆఫ్. తేడా 12 మీటర్లు ఉండి ఫాల్‌ఆఫ్ 10 మీటర్లు ఇస్తే వాలు 120 శాతం. మేక కూడా ఎక్కలేదు. అదే 12 మీటర్లను 5 శాతం వాలుతో దించాలంటే 240 మీటర్లు, 2.5 శాతంతో దించాలంటే 480 మీటర్లు కావాలి. సూత్రం ఇంతే: ఎత్తు తేడాను వాలుతో భాగిస్తే ఫాల్‌ఆఫ్ దూరం వస్తుంది.

అసలు నేల దిగువన ఎందుకు ఉందన్నది ఇంకో ప్రశ్న. ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో ఎక్కువమంది వాడేది ఎస్ఆర్‌టీఎం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల యాత్రలో రాడార్‌తో కొలిచింది. ఆ డేటాలో మన ప్రాంతం ఉన్న పలక (ఒక డిగ్రీ చదరపు ముక్క) పేరు ఎన్13ఈ079. దాని ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. రన్‌వే వెడల్పు 45 మీటర్లంటే గడిన్నర మాత్రమే. ఆ రాడార్ చెట్ల తలలను, ఇళ్ల కప్పులను కూడా నేలలో కలిపేస్తుంది. పక్కపక్క గడుల మధ్య 3 మీటర్ల పొరపాటు వచ్చిందంటే అది 10 శాతం వాలు. పెద్ద విమానాలు దిగే రన్‌వేకు నిడివి పొడవునా మొత్తం వాలు 1 శాతం దాటకూడదన్నది అంతర్జాతీయ నియమం. అందువల్ల ఆ డేటాను చదును చేయకుండా వాడటం కుదరదు. ఎంత చేయాలి, ఎలా కలపాలి అన్నదాంట్లోనే పనితనం ఉంది. పైగా రన్‌వేను 2,285 మీటర్ల నుంచి 3,810 మీటర్లకు పెంచేందుకు చేపట్టిన పని ఆ డేటా తర్వాతిది. అక్కడ పోసిన మట్టి 2000 నాటి రాడార్‌కు తెలిసే అవకాశమే లేదు.

గట్టు 80 మీటర్లు దాటి కనిపిస్తే కారణం వేరే. అప్పుడు ఫాల్‌ఆఫ్ జోలికి వెళ్లకండి. ఎత్తును రెండు రకాలుగా లెక్కిస్తారు: సగటు సముద్ర మట్టం నుంచి ఒకటి, భూమి ఆకారానికి గణితంలో వాడే ఎలిప్సాయిడ్ నుంచి ఇంకొకటి. దక్షిణ భారతంలో ఈ రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువ. మన దగ్గర సముద్ర మట్టం ఆ ఎలిప్సాయిడ్ కంటే 80 మీటర్లకు పైగా కింద ఉంటుంది. ఇస్రో కార్టోశాట్-1 ఉపగ్రహ చిత్రాలతో చేసిన కార్టోడెమ్ అనే ఎత్తుల డేటాలో ఎత్తులు ఎలిప్సాయిడ్ నుంచి లెక్కించినవి. దాన్ని ఇస్రో భువన్ సైట్ నుంచి దింపుకొని నేరుగా వాడితే 107 మీటర్ల రేణిగుంట 30 మీటర్లు కూడా లేని చోటుగా కనిపిస్తుంది. దాని మీద 107 అని ఫ్లాటెన్ చేస్తే విమానాశ్రయం దుర్గంలా పైకి లేస్తుంది. ఎస్ఆర్‌టీఎం, కోపర్నికస్ 30 మీటర్ల డేటాల్లో ఎత్తులు సముద్ర మట్టం నుంచే ఉంటాయి కాబట్టి వాటితో ఈ తిప్పలు లేవు. అమ్మేవారిని ఒక్క మాట అడగండి: ఏ డేటా వాడారు, ఎత్తులు దేని నుంచి లెక్కించినవి? తెలిసినవారు ఒక్క వాక్యంలో చెప్పేస్తారు.

కొనేసినవాళ్లు ముందు తమ సిస్టమ్ వైపు తప్పు లేదని తేల్చుకోవాలి. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో అదనపు ప్యాక్‌లు ఉండే కమ్యూనిటీ ఫోల్డర్‌లో ఈ ప్యాక్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ పక్కకు తీసేయండి. వేరే మెష్ ప్యాక్ (నేల ఎత్తుల ప్యాక్) ఉంటే రెండూ కొట్టుకుని ఇలాంటి గట్టే రావచ్చు. గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ను పెంచి మళ్లీ చూడండి. ఆ తర్వాత ప్యాక్ తీసేసి, సిమ్యులేటర్‌తో వచ్చిన మామూలు రేణిగుంటను కూడా చూడండి. అందులో లేని గట్టు ప్యాక్‌తోనే వస్తే తప్పు ప్యాక్‌దే.

తర్వాత కొలత. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో చిన్న విమానాన్ని రన్‌వే మీద నిలిపి, బి నొక్కి అల్టిమీటర్ సరిచేయండి. రన్‌వే అంచు నుంచి అడ్డంగా 50 మీటర్లు గడ్డి మీదికి నడిపి అంకె చూడండి. మధ్య గీత నుంచి 75 మీటర్ల వరకు అడ్డవాలు 2.5 శాతం మించకూడదన్నది పెద్ద రన్‌వేల నియమం. ఆ లెక్కన 50 మీటర్లకు తేడా 1.25 మీటర్లు, సుమారు 4 అడుగులు. అంతకు మించితే రాసుకోండి. రన్‌వే పొడవునా ప్రతి 500 మీటర్లకు రెండు పక్కలా ఇలా చేయండి. రెండు చివర్లలో మాత్రం ఇంకొంచెం ముందుకు వెళ్లండి. రన్‌వే దాటాక 60 మీటర్ల స్ట్రిప్, దాని తర్వాత భద్రతా స్థలం ఉంటుంది. ఆ భద్రతా స్థలంలో కిందికి వాలు 5 శాతం దాటకూడదు. ఈ ప్యాక్‌లో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది ఆ రెండు చివరలే, ఎందుకంటే అక్కడ పాలిగాన్‌ను రన్‌వే గీతకు ఆనించి కోశారు.

సొంతంగా సరిచేసుకోవచ్చు. కాకపోతే అమ్మినవారి ఫైళ్లలో చేయి పెట్టకండి. అవి అలాగే ఉంటేనే ఫిర్యాదు నిలుస్తుంది. డెవలపర్ మోడ్ ఆన్ చేసి, విడిగా ఒక చిన్న ప్రాజెక్ట్ మొదలుపెట్టండి. సీనరీ ఎడిటర్‌లో పాలిగాన్ బదులు రెక్టాంగిల్ తీసుకోండి. దాని రెండు చివర్లకు వేర్వేరు ఎత్తులు ఇవ్వవచ్చు. నిజమైన రన్‌వే ఎక్కడా ఒకే ఎత్తులో ఉండదు కాబట్టి ఇదే సరైన దారి. రెండు త్రెషోల్డ్‌ల ఎత్తులు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రచురించే ఏఐపీ అనే విమానయాన సమాచార పుస్తకంలో ఉంటాయి. వాటినే వాడండి, 350ని రెండు చోట్లా కొట్టకండి. వెడల్పు 150 మీటర్లు, పొడవు రెండు చివర్లలో 60 మీటర్లు కలుపుకొని ఇవ్వండి. ఏప్రన్‌కు, టెర్మినల్‌కు ఇంకో రెక్టాంగిల్ కావాలి. రెండూ కలిసే టాక్సీవే దగ్గర మెట్టు పడకుండా ఎత్తులు సరిపోల్చండి. ఇక్కడ అందరూ తొందరపడతారు, అరగంట అదనంగా పట్టినా ఇక్కడే పెట్టండి.

ఫాల్‌ఆఫ్‌ను నాలుగు వైపులా ఒకే అంకెతో నింపడం ఇంకో పొరపాటు. ఒక పక్క తేడా 3 మీటర్లు ఉంటే 5 శాతం వాలుకు 60 మీటర్లు చాలు. ఇంకో పక్క 12 ఉంటే 240 కావాలి. ఒక రెక్టాంగిల్‌కు ఒకే ఫాల్‌ఆఫ్ కాబట్టి పల్లం ఉన్న పక్కన రెండో రెక్టాంగిల్ వేసి, తక్కువ ప్రయారిటీతో మెట్టు మెట్టుగా దించండి. అంతటా 500 ఇచ్చేస్తే గట్టు పోతుంది కానీ దాంతో పాటు రోడ్లు, ఇళ్లు, చెరువులు కూడా ఒంగిపోతాయి. చెరువు నీళ్లు వాలుగా నిలబడతాయి. రేణిగుంట చుట్టూ చెరువులకు కొదవ లేదు, స్వర్ణముఖి కూడా దూరం కాదు. ఎక్కడ ఎంత తేడా ఉందో ముందే తెలియాలంటే క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్13ఈ079 పలక తెరిచి, రన్‌వేకు అడ్డంగా గీతలు గీసి ఎలివేషన్ ప్రొఫైల్ చూడండి. 3.26 వెర్షన్ నుంచి ఆ టూల్ అందులోనే ఉంది.

ఇదే ప్యాక్‌కు 300 రూపాయలకు టెర్రెయిన్ ఫిక్స్ అని ఇంకొకటి అమ్ముతున్నారు. తెరిచి చూస్తే అది ఫాల్‌ఆఫ్‌ను అంతటా పెంచినది మాత్రమే. కొనకండి.

ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్ వాడేవాళ్లకు దారి వేరు. ప్యాక్‌లోని ఏపీటీ.డ్యాట్ (apt.dat) ఫైల్‌లో 1302 ఫ్లాటెన్ 1 అనే లైన్ ఉందేమో చూడండి. ఉంటే విమానాశ్రయం మొత్తాన్ని ఒకే ఎత్తుకు చదును చేయమని చెప్పినట్టే. ఫైల్‌కు నకలు తీసి దాచుకుని ఆ లైన్ తీసేయండి. నేల గతుకులుగా వస్తే ఎక్స్-ప్లేన్‌కు నేల తయారుచేసే ఆర్థో4ఎక్స్‌పీ టూల్‌లో +13+079 పలకను కొత్తగా చేసుకుని, విమానాశ్రయాల స్మూతింగ్ విలువ పెంచండి. సీనరీ ప్యాక్స్ ఫైల్‌లో విమానాశ్రయం పైన, మెష్ అన్నిటికంటే కింద ఉండాలి.

డబ్బు వాపసు అడిగేటప్పుడు "నేల బాగోలేదు" అని రాస్తే "మీ గ్రాఫిక్స్ సెట్టింగ్" అనే జవాబు వస్తుంది. అక్షాంశ రేఖాంశాలు, అక్కడి ఎత్తు, 50 మీటర్ల అవతలి ఎత్తు, ప్యాక్ ఉన్నప్పటి, తీసేసినప్పటి స్క్రీన్‌షాట్లు, ఇవన్నీ కలిపి ఒకే ఈమెయిల్‌లో పంపండి. కొన్న రోజే పంపండి. వ్యక్తిగత యూపీఐ నంబర్‌కు డబ్బు వేసి లింక్ తీసుకున్నవాళ్లకు బిల్లు లేదు, అందుకే వాపసు రావడం కష్టంగా ఉంది. ఇకనుంచి బిల్లు ఇచ్చే చోటే కొనండి. బిల్లు ఉన్నవాళ్లు జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఫిర్యాదు నంబర్ వచ్చేవరకు ప్యాక్ ఫోల్డర్‌ను డిలీట్ చేయకండి.