కొన్నవాళ్ల బీరువా తెరిచి చూపించే దుకాణం: బ్యాండ్‌క్యాంప్

మా నాన్న ముప్ఫై ఏళ్లు గుంటూరులో బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించారు. మా ఇంట్లో బ్యాండు అంటే పెళ్లి ఊరేగింపు, ఎర్రకోటు, భుజాల మీద జరీ పట్టీ, తెల్లవారుజామున మూడింటికి పెళ్లివారి అరుగు మీద కూర్చుని వాటాలు పంచుకోవడం. ఊరూ పేరూ వినని బ్యాండ్ల పాటలు దొరికే సైటు గురించి రాస్తూ నాన్న దగ్గర మొదలుపెట్టానేమిటని అనుకోకండి. ఆ సైటు నాకెందుకు అంత నచ్చిందో చెప్పాలంటే వాటాల సంగతి చెప్పక తప్పదు.

పన్నెండు మంది సెట్టు. ఒప్పుకున్న డబ్బులో ముందు సెట్టు యజమాని భాగం తీసేవాళ్లు. తర్వాత మాస్టరుకి రెండు వాటాలు, వ్యాను కిరాయి, పెళ్లి మాట్లాడిపెట్టినాయనకి కమీషను. మిగిలింది తలా ఇంత. నాన్న తెచ్చింది అమ్మ లెక్కపెట్టకుండానే బియ్యం డబ్బాలో దాచేది. బ్యాండు పేరు పెద్ద డ్రమ్ము మీద రంగుల్లో రాసి ఉండేది. వాయించినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా ఉండేవి కావు.

నేను కోల్డ్ స్టోరేజీలో గుమస్తాని. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి సీజను. రాత్రి ఏ వేళకి లారీ వచ్చినా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్క చూసి, రాసి దించుకోవాలి. లారీకీ లారీకీ మధ్య గంటో గంటన్నరో ఖాళీ. చెవిలో పాట ఉంటే నిద్ర రాదు. మొదట్లో నెలనెలా డబ్బు కట్టి ఒక యాప్ వాడాను. నాలుగు నెలలు తిరిగేసరికి అవే నలభై పాటలు తిప్పి తిప్పి వినిపించడం మొదలుపెట్టింది. ఒకటి బాగుందని రెండుసార్లు వింటే చాలు, దాని అన్నదమ్ముల్నీ మేనత్త కొడుకుల్నీ వరసగా తెచ్చి నిలబెట్టేది. కొత్తది కావాలంటే నేనే బయటికి వెళ్లి వెతుక్కోవాలని అప్పుడర్థమైంది.

అలా వెతుక్కుంటూ మూడేళ్ల కిందట బ్యాండ్‌క్యాంప్‌కి చేరాను. 2008లో అమెరికాలో పెట్టిన సైటు. ఇక్కడ ఏ బ్యాండు దుకాణం ఆ బ్యాండు వాళ్లే తెరుచుకుంటారు. ఆల్బమ్ పెడతారు, ధర వాళ్లే వేసుకుంటారు. కొందరు ‘మీకు తోచినంత ఇవ్వండి’ అని వదిలేస్తారు, సున్నా కొట్టినా పాట ఇచ్చేవాళ్లూ ఉన్నారు. డిజిటల్ పాట అమ్మితే సైటు 15 శాతం ఉంచుకుంటుంది. సీడీలు, క్యాసెట్లు, టీషర్టులు లాంటి వస్తువుల మీద 10 శాతం. డబ్బు బదిలీ చేసే కంపెనీ రుసుము కూడా పోగా సగటున నూటికి 82 వంతులు బ్యాండుకి అందుతాయని వాళ్లే చెప్తారు. 7 డాలర్ల ఆల్బమ్ అంటే మన డబ్బుల్లో 600 రూపాయల పైమాటే. గుమస్తా జీతానికి అది చిన్న మొత్తం కాదు. నేను నెలకి ఒకటే కొంటాను. కానీ కొన్నప్పుడల్లా నాన్న చేతిలో పెట్టే వాటా గుర్తొస్తుంది. నూటికి 82 అంటే, మా మేళంలో ఎవరూ కనీవినీ ఎరుగని లెక్క అది.

కొత్త బ్యాండ్లు ఎలా దొరుకుతాయో ఇప్పుడు చెప్తాను. ఈ సైటులో అన్నిటికంటే విలువైనది ఇదే, చాలామంది దీన్ని చూడకుండా దాటిపోతారు. ప్రతి ఆల్బమ్ బొమ్మ దగ్గర చిన్నచిన్న ముఖాలు కొన్ని కనిపిస్తాయి. ఆ ఆల్బమ్‌ని డబ్బు పెట్టి కొన్నవాళ్లు వాళ్లు. కొందరు ఎందుకు నచ్చిందో ఒకటి రెండు మాటలు కూడా రాసి పెడతారు. ఒక ముఖం మీద నొక్కితే ఆ మనిషి కొనుక్కున్నవన్నీ వరసగా మన ముందుకొస్తాయి. పక్కింటాయన బీరువా తలుపు తీసి ‘చూసుకో బాబూ’ అన్నట్టు ఉంటుంది. ఎవరో ముక్కూ మొహం తెలీని మనిషి మూడొందల ఆల్బమ్‌లు కొన్నాడు, అందులో నాకు తెలిసినవి రెండు. ఆ రెండూ నాకు ప్రాణం. అంటే మిగతా వాటిలో ఇంకో పదైనా నాకు నచ్చుతాయి. ఆ పదిలో ఒకటి తెరిస్తే దానికింద మళ్లీ ముఖాలు, మళ్లీ బీరువాలు. చిన్నప్పుడు లైబ్రరీ పుస్తకం వెనక అట్టకి అంటించిన కాగితం మీద మనకంటే ముందు ఎవరెవరు తీసుకెళ్లారో చూసుకునేవాళ్లం, గుర్తుందా? ఆ కాగితం పట్టుకుని అవతలివాళ్ల ఇంటికి వెళ్లగలిగితే ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది.

ఆ దారినే పోతూ పోతూ ఒక రాత్రి ఆఫ్రికాలో నైజర్ దేశం చేరాను. సహెల్ సౌండ్స్ అని అమెరికాలో ఒక చిన్న లేబుల్, అంటే ఆల్బమ్‌లు విడుదల చేసే కంపెనీ, ఉంది. సహారా ఎడారి ఊళ్లలో జనం సెల్‌ఫోన్లలో, మెమొరీ కార్డుల్లో తిరుగుతున్న పాటల్ని పోగుచేసి, పాడినవాళ్లెవరో ఆరా తీసి, వాళ్ల దగ్గరికి వెళ్లిన లేబుల్ అది. ఇది చదివి నేను కాసేపు పని ఆపేశాను. గుంటూరు నాజ్ సెంటర్ దగ్గర ముప్ఫై రూపాయలిచ్చి మెమొరీ కార్డు నింపించుకున్నవాళ్లం మనం. ఆ పాటల్లో సగానికి పేర్లుండవు, ఉన్న పేర్లు తప్పు. ఎవరు పాడారని వెనక్కి వెళ్లి వెతకాలని మనకెవరికీ తోచలేదు.

ఆ లేబుల్లో మొదట విన్నది ఎమ్డూ మొక్తార్. ఎడమచేతి వాటం గిటారు. చిన్నప్పుడు గిటారు కొనే స్తోమతు లేక చెక్కతో తనే చేసుకుని, సైకిలు బ్రేకు తీగల్ని తంత్రులుగా బిగించాడు. అక్కడి గిటారు బ్యాండ్లకి పెద్ద ఆదరువు పెళ్లిళ్లే. ఎడారిలో రాత్రంతా పెళ్లి, దుమ్ము లేచేలా ఆట, మధ్యలో గిటారు బ్యాండు. ఈ మాట నాన్నకి చెప్తే ముందు నమ్మలేదు.

రెండోది లె ఫీయ్ ద ఇల్లిఘదాద్. ఫ్రెంచిలో ఆ పేరుకి ఇల్లిఘదాద్ ఆడపిల్లలని అర్థం. ఇల్లిఘదాద్ నైజర్‌లో ఒక పల్లె. ఫాతూ సైదీ గాలీ అనే ఆవిడ గిటారు వాయిస్తుంది. అక్కడ ఆడవాళ్లు గిటారు పట్టడం అరుదు. పక్కన టెండే అనే డ్రమ్ము. దీని తయారీ వినండి. ధాన్యం దంచుకునే రోలు. దాని నోటికి మేకతోలు కప్పి కట్టేస్తారు. రెండు పక్కలా రెండు రోకళ్లు అడ్డంగా బిగించి, వాటి చివర్ల మీద ఆడవాళ్లు కూర్చుంటారు. ఆ బరువుకి తోలు బిర్రుగా లాగి పట్టి ఉంటుంది. ఇంకో పక్క నీళ్ల పళ్లెంలో సగానికి కోసిన సొరకాయ బుర్రని బోర్లించి దాన్ని చేత్తో కొడతారు, గుమ్ గుమ్మని లోతుగా పలుకుతుంది.

ఆదివారం మధ్యాహ్నం చిన్న స్పీకరులో పెట్టి నాన్నకి వినిపించాను. డెబ్భై దాటాయి, పళ్లు ఊడాక క్లారినెట్ మానేశారు. నోటి దగ్గర బిగించే పలచటి పుల్ల, రీడు మాత్రం ఇప్పటికీ పొడుం డబ్బాలో దూదిలో పెట్టి దాచుకున్నారు. కళ్లు మూసుకుని విన్నారు. మూడో నిమిషంలో కుడిచేతి వేళ్లు మంచం పట్టె మీద కదలడం మొదలైంది.

“ఎవరిదిరా ఈ మేళం?”

చెప్పాను. రోలు సంగతి చెప్తే లేచి కూర్చున్నారు.

“ఎంతమంది?”

“నలుగురు, నాన్నా.”

“డబ్బులు ఇచ్చావా?”

“ఇచ్చాను.”

“వాళ్లకి చేరతాయా?”

లెక్క మొత్తం చెప్పాను. సైటుది ఇంత, బదిలీ ఖర్చు ఇంత, మిగతాది లేబులుకీ వాళ్లకీ అని. వేళ్ల మీద వేసుకుని చూసి, మళ్లీ మొదటినుంచి పెట్టమన్నారు.

డబ్బు కట్టడం దగ్గర మాత్రం మొదట తిప్పలు పడ్డాను, మీరూ పడకుండా చెప్తున్నాను. నా డెబిట్ కార్డు మూడుసార్లు వెనక్కి కొట్టింది. బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన ‘ఆ సైటుదే తప్పు’ అని పంపేశారు. తప్పు సైటుది కాదు. 2020లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఇస్తారు. విదేశీ లావాదేవీలు మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లో ఆ మీట ఉంటుంది. నొక్కి, పరిమితి వెయ్యి రూపాయలు పెట్టుకున్నాను. కొనడం అయ్యాక మళ్లీ ఆపేస్తాను. విదేశీ మారకం మీద బ్యాంకు కొంత అదనంగా పట్టుకుంటుంది, అది లెక్కలో ఉంచుకోండి. క్యాసెట్టో రికార్డో తెప్పించుకోవాలని మనసు లాగుతుంది గానీ పోస్టు ఖర్చు వస్తువు ధరని దాటిపోతుంది. నేను డిజిటల్‌తోనే సరిపెట్టుకుంటున్నాను.

కొనడానికి మంచి రోజు బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే. 2020 మార్చిలో కోవిడ్‌తో కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు, ఒక శుక్రవారం అమ్మకాల మీద తన వాటా వదులుకుంటానని సైటు ప్రకటించింది. అప్పటి నుంచి కొన్ని నెలల్లో మొదటి శుక్రవారం అలా చేస్తూనే ఉంది, తేదీలు ముందే చెప్తారు. ఆ ఏడాది వేసవి ముహూర్తాలు ఇక్కడ ఎలా గడిచాయో నాకు తెలుసు. నాన్న పాత జట్టులో డ్రమ్ము కొట్టే ఆయన మా ఇంటికొచ్చి బియ్యం అడిగి తీసుకెళ్లారు. వాటా వదులుకున్న యజమానిని మేము చూడలేదు. ఆ రోజు లెక్క అమెరికా పశ్చిమ తీరం గడియారం ప్రకారం నడుస్తుంది. మనకి వేసవిలో శుక్రవారం మధ్యాహ్నం 12:30కి, చలికాలంలో 1:30కి మొదలై శనివారం అదే వేళకి ముగుస్తుంది. సరిగ్గా నేను క్యారేజీ విప్పే సమయం. నెలంతా నచ్చినవి విష్‌లిస్టులో వేసుకుని ఆ మధ్యాహ్నం ఒకటి కొంటాను.

తెలుగు సంగతి అడుగుతారు. తెలుగులో సొంతంగా పాట కట్టుకుని పాడే బ్యాండు కావాలంటే నేనింకా యూట్యూబ్‌కే వెళ్తున్నాను. హైదరాబాద్ చౌరస్తా బ్యాండుని అక్కడే విన్నాను, ఆ బ్యాండులోంచి సినిమాల్లోకి వెళ్లిన గొంతే రామ్ మిర్యాల. బ్యాండ్‌క్యాంప్‌లో ఊరి పేరుతో వెతికే సదుపాయం ఉంది. హైదరాబాద్ అని వెతుకుతూ గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండుని పట్టుకున్నాను. ఆ సంగీతం నా చెవికి ఎక్కదు, మా మేనల్లుడు మాత్రం దాని మీద ప్రాణం పెట్టుకున్నాడు. ఢిల్లీ వాళ్లు పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. కూడా అక్కడ ఉన్నారు, రాత్రి రెండింటికి వినడానికి అంత బాగుండే బ్యాండు నాకింకోటి దొరకలేదు. గుంటూరు, విజయవాడ కుర్రాళ్లు గిటారు పట్టుకుని కాలేజీ ఫెస్టుల్లో ఆగిపోతున్నారు. ఇందులో దుకాణం తెరవడానికి రూపాయి ఖర్చు లేదని వాళ్లకి ఎవరైనా చెప్పాలి.

నాకున్న బెంగ ఒక్కటే. ఈ సైటుని 2022లో ఎపిక్ గేమ్స్ అనే వీడియో గేముల కంపెనీ కొంది, మరుసటి ఏడాదే సాంగ్‌ట్రేడర్ అనే సంగీత హక్కుల కంపెనీకి అమ్మేసింది. ఆ చేతులు మారడంలో దాదాపు సగం మంది ఉద్యోగాలు పోయాయి. వాటాల లెక్క ఇప్పటికి మారలేదు. రేపటి మాట నేను చెప్పలేను గనక కొన్న ప్రతిదీ వెంటనే దించుకుంటాను. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలు, మామూలు ఎంపీత్రీ, ఏది కావాలంటే అది ఇస్తారు. కొన్నది మనదే, నెట్ లేకపోయినా, యాప్ తీసేసినా పాట మన దగ్గరే ఉంటుంది.

నాన్న స్పీకరుకి ఒక పెన్‌డ్రైవ్ పెట్టాను. దానితోపాటు రెండు రూపాయల చిన్న నోటుబుక్కు. కొన్న ప్రతి ఆల్బమ్‌కీ ఒక పేజీ. చాలా ఆల్బమ్‌ల పేజీ అడుగున ఎవరు ఏం వాయించారో బ్యాండు వాళ్లే రాస్తారు, దాన్ని చూసి తెలుగులో ఎక్కిస్తున్నాను. ఊరు, బ్యాండు పేరు, దానికింద వాయించినవాళ్లు. ఇప్పటికి ముప్ఫై ఒక్క పేజీలయ్యాయి. పాట పెట్టే ముందు నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ తీసి, పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుకుంటారు.